ఏది లీగలో చెప్పు చెల్లీ!

2025 కార్తీకమాసంలో ఒక సోమవారం. ఉపవాసం గనుక వంటింటి హడావుడి లేదు. సగంలో ఆగిపోయిన కథ ఒకటి ముందేసుకుని వరండాలో కూర్చున్నాను. పక్కింటి అక్క గేటు తీసుకుని వచ్చింది. కొంగు చాటున ఏదో పట్టుకొచ్చింది. అప్పుడప్పుడూ గోంగూర తెచ్చి పెడుతుంటుంది, అదే అనుకున్నాను. తీరా చూస్తే కొడుకు సెల్‌ఫోను!

"నువ్వు చదువుకున్నదానివి. ఇందులో ఏది లీగలో చెప్పు చెల్లీ" అంది.

మా నల్లపాడు పేరుకు గుంటూరు కార్పొరేషన్‌లో భాగమే. 2012లో చుట్టుపక్కల ఊళ్ళతోపాటు మమ్మల్నీ కలిపేశారు. అయినా మా వీధిలో మనుషులకు ఏడాది అంటే ఇంకా మిరప పంటే. మాఘం, ఫాల్గుణం వచ్చాయంటే నరసరావుపేట రోడ్డు నిండా టిక్కీల లారీలే. గాలి యార్డు వైపు నుంచి మళ్ళిందంటే దండెం మీద బట్టలు తుమ్ముతూ తీసుకోవాల్సిందే. ఆ రెండు మూడు నెలల్లో చేతికొచ్చిన డబ్బుతోనే ఎరువుల కొట్టు బాకీ, కోత కూలీలు, కౌలు, పిల్లల ఫీజులు, పెళ్ళిళ్ళు అన్నీ వెళ్ళదీసుకోవాలి.

2025లో ఆ డబ్బూ పల్చబడింది. రెండేళ్ళ ముందు క్వింటాలు ఇరవై వేలు దాటిన కాయ సగానికి పడిపోయింది. ఫిబ్రవరిలో కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయలు అని ప్రకటించింది గానీ, కాగితం మీద ధర వేరు, కాటా దగ్గర ధర వేరు. అక్కా వాళ్ళాయన రెండెకరాలు కౌలుకు చేస్తాడు. బాకీలన్నీ తీర్చగా 1,20,000 మిగిలింది. కొడుకు ఇంజనీరింగ్ ఫీజు, మళ్ళీ ఏడాది నారు, మందులు అంతా అందులోనే. చేతిలో ఉంటే ఖర్చయిపోతుందని ఆ డబ్బు కొడుకు ఖాతాలో వేశారు. ఫోనులో డబ్బు వేయడం, తీయడం ఆ ఇంట్లో వాడొక్కడికే వచ్చు మరి.

అందులో 80,000 ఐపీఎల్ అయిపోయేసరికి లేవు. మిగిలిన 40,000 దసరా వెళ్ళాక పోయాయి. పోలేదు, ఉన్నాయంటాడు వాడు. అక్క చూపించింది. నిజమే, ఫోనులో పచ్చటి అంకెల్లో 62,000 అని ఉంది.

"అయ్యి మన డబ్బులేనంట చెల్లీ. తీసుకోవాలంటే ఇంకొంత ఆడాలంట. నా డ్వాక్రా లోను యాభై వేలు మొన్ననే వచ్చింది గదా, అదిస్తే పది రోజుల్లో మొత్తం లాగేస్తానంటన్నాడు. ఇదివరకటివి గవర్నమెంటు మూసేసిందంట. ఇది మాత్రం లీగలేనంట. లైసెన్సు కూడా ఉందంట."

గమనించారా? 'డబ్బు ఇవ్వనా, వద్దా' అని ఆవిడ అడగలేదు. ఆ మాట దాటిపోయింది. 'లీగల్' అని నా నోటి వెంట వస్తే చాలు, ఇంటికెళ్ళి బీరువా తీసేలా ఉంది. వాళ్ళ సంఘంలో పదిమంది ఒకరికొకరు పూచీ ఉండి తెచ్చుకున్న అప్పు అది.

"రేపు చెబుతానక్కా, అప్పటిదాకా ఒక్క రూపాయి కదల్చొద్దు" అని పంపించాను. కథ ఆ రోజుకు మూలపడింది.

నేను చదివింది బి.కాం. వ్యాపార చట్టాలని ఒక పేపరుండేది, ఏదో గట్టెక్కాను. అదిప్పుడు పనికొస్తుందని కలలో కూడా అనుకోలేదు. పాత పేపర్లు తిరగేసి, తెలిసిన ప్లీడరుగారికి ఫోను చేసి, రాత్రి పదకొండింటి దాకా కూర్చుంటే ఒక దారికొచ్చింది.

ఈ 'లీగల్' గొడవకు మూలం పేకాట. సికింద్రాబాదులో ఒక క్లబ్బు మీద పెట్టిన రమ్మీ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. రమ్మీలో అదృష్టం కంటే నైపుణ్యం పాలే ఎక్కువని 1967లో తీర్పొచ్చింది. మన 1974 గేమింగ్ చట్టంలో కూడా నైపుణ్యం ఉన్న ఆటలకు మినహాయింపు పెట్టారు. ఆ మినహాయింపే తర్వాత ఆన్‌లైన్ వాళ్ళకు గొడుగయింది. 'మాది జూదం కాదు, నైపుణ్యం' అంటూ ఇంటింటికీ వచ్చేశారు. తెలంగాణ 2017లో, మన ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టం సవరించి ఆ గొడుగు లాగేశాయి. డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడితే రమ్మీ అయినా, క్రికెట్ అయినా నేరమే. ఆడించేవాడికే కాదు, మన రాష్ట్రంలో ఆడినవాడికి కూడా ఆరు నెలల దాకా జైలు. 132 సైట్లను, యాప్‌లను ఆపించమని 2020 అక్టోబరులో మన ముఖ్యమంత్రి కేంద్రానికి ఉత్తరం కూడా రాశారు. టీవీలో పదకొండు మందిని ఎంచుకోండి, కోట్లు గెలవండి అని ఊదరగొట్టిన పెద్ద కంపెనీలు సైతం రెండు తెలుగు రాష్ట్రాల వాళ్ళను డబ్బాటకు రానిచ్చేవి కావు. ఆ ప్రకటన చివర గబగబా చదివే వాక్యంలో ఆ సంగతి ఉండేది. మనం ఎప్పుడైనా విన్నామా!

2025 ఆగస్టులో పార్లమెంటు దేశం మొత్తానికీ చట్టం చేసింది. నైపుణ్యమా, అదృష్టమా అన్న తర్కమే లేదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆట ఏదైనా కుదరదు. ఆడించేవాళ్ళకు మూడేళ్ళ దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రచారం చేసేవాళ్ళకు రెండేళ్ళు, యాభై లక్షలు. ఈ కేంద్ర చట్టం ఆడినవాళ్ళను మాత్రం శిక్షించదు. దాంతో స్వదేశీ కంపెనీలు డబ్బాటలు కట్టిపెట్టాయి. అక్క కొడుకు 'గవర్నమెంటు మూసేసింది' అన్నది వీటినే.

మరి వాడి ఫోనులో 'లైసెన్సు ఉంది' అన్నదేమిటి? అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది: కురసావో. కరీబియన్ సముద్రంలో 444 చదరపు కిలోమీటర్ల దీవి. అక్కడి సర్కారు ఇచ్చిన కాగితం నల్లపాడులో చెల్లుతుందా? మనూరి రేషన్ కార్డు పట్టుకెళ్ళి ఆ దీవిలో బియ్యం అడిగినట్టుంది. ఇలాంటి బయటి సైట్ల ప్రకటనలు వేయొద్దని కేంద్ర సమాచార శాఖ 2022లోనే టీవీలకూ పత్రికలకూ చెప్పింది. అయినా మనవాళ్ళు అభిమానించే మొహాలే వచ్చి చెబుతుంటే పిల్లలు నమ్మక ఏం చేస్తారు? 2025 మార్చిలో హైదరాబాదు మియాపూర్ పోలీసులు ఈ ప్రచారాల విషయంలోనే సినిమావాళ్ళ మీద, టీవీవాళ్ళ మీద కేసు పెట్టారు.

ఇంతకీ లీగల్‌గా ఏమీ లేదా అంటే, ఉంది. గుర్రప్పందెం! గుర్రం గెలవడంలో నైపుణ్యం పాలు ఎక్కువని 1996లో సుప్రీంకోర్టు చెప్పింది. మలక్‌పేట రేసుకోర్సుకు వెళ్ళి, కౌంటర్లో టికెట్టు కొని పందెం కాయొచ్చు. దాని మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 40 శాతం. మర్నాడు అక్కకు ఈ ముక్క చెబితే కాసేపు నా మొహంలోకి చూసి, "గుర్రాలేంది చెల్లీ, మనం ఎడ్లు బండలాగితేనే గదా చూసేది" అంది. ఆ బెంగలో కూడా ఇద్దరం నవ్వుకున్నాం.

పందెం మన గడ్డకు కొత్త కాదు లెండి. పల్నాటి యుద్ధం కథ కోడిపందెం దగ్గరే కదా మలుపు తిరిగింది! నాయకురాలు నాగమ్మ పక్షం గెలిచింది, బ్రహ్మనాయుడి పక్షం ఏడేళ్ళు రాజ్యం వదిలి పోవాల్సి వచ్చింది. మట్కాకైతే పత్తితోనే చుట్టరికం. న్యూయార్కు పత్తి బజారు ధరలు వైరు మీద బొంబాయికి వస్తే, ఆ అంకెల మీద అక్కడివాళ్ళు పందేలు కాసేవారు. 1960ల మొదట్లో ఆ ధరలు రావడం ఆగిపోయాక కుండలోంచి చీటీలు తీయడం మొదలైంది. ఆ కుండే మట్కా. పత్తి పండించేవాడికి గిట్టినా గిట్టకపోయినా, దాని ధర మీద పందెం కాసేవాళ్ళు మాత్రం ఎప్పుడూ ఉన్నారన్నమాట. కాకపోతే బ్రహ్మనాయుడికి ఓడితే ఏమిటన్నది ముందే తెలుసు. షరతు పదిమందిలో చెప్పుకున్నారు. మా పిల్లాడికి అదీ తెలీదు.

ఆ సాయంత్రం వాణ్ణి పిలిపించాను. కాఫీ ఇచ్చాను, తాగలేదు. కళ్ళు గుంటలు పడి ఉన్నాయి.

"నీకు తెలీదు పిన్నీ. ఇందులో హండ్రెడ్ పర్సెంట్ బోనస్. నలభై వేలు వేస్తే ఇంకో నలభై వేలు వాళ్ళే ఇచ్చారు. ఊరికే!"

"ఊరికే ఇచ్చిన డబ్బు తీసుకోవడానికి మళ్ళీ యాభై వేలెందుకురా?"

"రోలోవర్ అని ఉంటది పిన్నీ. అది పూర్తి చేస్తే విత్‌డ్రా ఇస్తారు."

ఆ రోలోవర్ ఏమిటో చదవమన్నాను. వాడూ అదే మొదటిసారి పూర్తిగా చదవడం. వేసిన డబ్బూ బోనసూ కలిపిన మొత్తానికి పదిహేను రెట్లు పందేలు కాయాలి. ముప్పై రోజుల్లో కాయాలి. లేకపోతే బోనసూ, దాంతో గెలిచిందీ అన్నీ రద్దు. 80,000కి పదిహేను రెట్లంటే 12 లక్షలు! వాడు అప్పటికి 3 లక్షల దాకా కాశాడు. ఇంకా 9 లక్షలు, పదకొండు రోజులు.

పాల పుస్తకం వెనక అట్ట మీద లెక్క వేసి చూపించాను. ఇది మీరూ ఒకసారి వేసి చూడండి, పెద్ద గణితమేం కాదు. రెండు జట్లూ సమానంగా ఉన్న మ్యాచ్ అనుకోండి. ఎటు గెలిచినా వందకు నూట తొంభై ఇస్తామంటారు. బుకీల భాషలో రూపాయికి తొంభై పైసలు. ఒకడు ఇటు వంద, ఇంకొకడు అటు వంద పెడితే వాడి దగ్గరకు రెండొందలు వచ్చాయి. గెలిచినవాడికి 190 ఇస్తాడు. పది రూపాయలు వాడి జేబులో. అంటే ఆట ఎవరు గెలిచినా, కాసిన ప్రతి వందలో అయిదు రూపాయలు సరాసరిన వాడివే. యార్డులో కమీషన్ వ్యాపారి కనీసం కమీషన్ అని చీటీ మీద రాసి కోస్తాడు. ఇక్కడ ఆ పేరు కూడా ఉండదు.

"ఇప్పుడు నువ్వు కాసింది 3 లక్షలు. అయిదు శాతం అంటే 15,000 తరగాలి. 80,000లో పోతే 65,000. నీ దగ్గరెంతుంది?"

"అరవై రెండు."

"చూశావా, నీ నైపుణ్యం ఎలా ఉన్నా లెక్క దాదాపు సరిపోయింది. ఇంకా 9 లక్షలు కాయాలి. అయిదు శాతం 45,000. మిగిలేది?"

వాడు మాట్లాడలేదు. అక్కే నెమ్మదిగా వేళ్ళు ముడిచి, "పదిహేడు" అంది. నలభై వేలు పెట్టి, నెల రోజులు రాత్రిళ్ళు కళ్ళు కాయలు కాచేలా కూర్చుని, అంతా సరిగ్గా నడిస్తే పదిహేడు వేలు! అదీ సగటు మాట. నాలుగు మ్యాచులు వరసగా తప్పితే అదీ ఉండదు. అక్క యాభై వేలు పెడితే దాని మీద మళ్ళీ బోనసు, దానికి మళ్ళీ పదిహేను రెట్లు.

ఇవి ఒక రకం బోనసులు. స్నేహితుణ్ణి చేర్పిస్తే ఒకటి, ఓడిపోయిన వారం ఓదార్పుగా ఒకటి, పండక్కి ఒకటి. చేర్పిస్తే వచ్చే బోనసే హాస్టళ్ళను పాడుచేసింది. అక్క కొడుకును ఇందులోకి తెచ్చింది పక్క మంచం అబ్బాయి. వీడు ఇంకో ముగ్గుర్ని చేర్చాడట. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం తల దించుకున్నాడు.

డబ్బు ఎవరి పేరున వేశావురా అంటే, ప్రతిసారీ ఒక కొత్త పేరు. ఒకసారి ఎవరో మనిషి, ఇంకోసారి ఏదో కిరాణా కొట్టు. ఇవన్నీ అద్దె ఖాతాలు. కురసావోలో కూర్చున్నవాడు మన యూపీఐలో నేరుగా డబ్బు తీసుకోలేడు గనుక, ఇలాంటి పిల్లల ఖాతాలే నెలకింతని అద్దెకు తీసుకుంటాడు. వీణ్ణీ అడిగారట, పాస్‌బుక్కూ ఏటీఎం కార్డూ ఇస్తే నెలకు అయిదు వేలన్నారట. దేవుడి దయవల్ల ఇవ్వలేదు. ఆ ఖాతాలోకి ఎవరి దోపిడీ సొమ్ము వచ్చిపడినా పోలీసులు వెతుక్కుంటూ వచ్చేది ఖాతాదారు ఇంటికే. ఒకవేళ వాడి 62,000 వచ్చినా, అలాంటి ఖాతా నుంచి వస్తే బ్యాంకు వీడి ఖాతా కూడా స్తంభింపజేయొచ్చు. మీ ఇంట్లో పిల్లలు ఎవరికైనా పాస్‌బుక్కు 'ఊరికే వాడుకోమని' ఇచ్చారేమో ఈ రోజే అడగండి.

మా పేపరు ఇక్కడే గుర్తొచ్చింది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం, 30వ సెక్షను. పందెం ఒప్పందం చెల్లదు, గెలిచిన సొమ్ము కోసం కోర్టులో దావా వేయడానికి లేదు. గుర్రప్పందెంలో గెలిచినవాడికి కట్టబెట్టే అయిదొందలు, ఆపై విలువగల బహుమతి చందాలకు మాత్రం అందులోనే ఒక మినహాయింపు ఉంది. తెల్లదొరల సరదా! అంటే ఆ సైటు వాడు 62,000 ఇవ్వనంటే మనం ఏ కోర్టుకూ పోలేం. అయితే ఇది రెండువైపులా తెగే కత్తి. ఊళ్ళో బుకీ వచ్చి 'మీవాడు నాకింత ఓడాడు, కట్టండి' అని గుమ్మంలో కూర్చుంటే, వాడూ కోర్టుకు పోలేడు. పరువు కోసమని పుస్తెలతాడు కుదువపెట్టి అలాంటి బాకీ తీర్చిన తల్లుల్ని నేనెరుగుదును. అది చట్టప్రకారం తీర్చి తీరాల్సిన బాకీ కాదని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. బెదిరిస్తే మాత్రం అది పోలీసుల దగ్గర చెప్పుకోవాల్సిన సంగతే.

పోలీసులనేసరికి వాడు భయపడ్డాడు. "నేనే ఆడానని చెబితే నన్నే లోపలేస్తారు పిన్నీ" అన్నాడు. ఆ భయం ఉత్తదేం కాదు, రాష్ట్ర చట్టం అలాగే ఉంది. ఈ భయమే ఈ వ్యాపారానికి కాపలాకుక్క అనిపిస్తుంది నాకు. పోగొట్టుకున్నవాడు నోరెత్తలేడు, నోరెత్తనంతకాలం వాడికి ఢోకా లేదు. ప్లీడరుగార్ని మళ్ళీ అడిగాను. ఉన్నది ఉన్నట్టు చెప్పి, డబ్బు వేసిన ఖాతాల వివరాలన్నీ ఇవ్వమన్నారు. ఆ రాత్రే 1930కి ఫోను చేశాడు. పేర్లు, తేదీలు అన్నీ చెప్పాడు. ఫిర్యాదు నంబరు ఇచ్చారు. డబ్బు తిరిగొస్తుందని ఎవరూ మాట ఇవ్వలేదు.

నాకు అంతకంటే అక్క చెప్పిన ఇంకో మాట గుచ్చుకుంది. సంగతి బయటపడ్డ రోజు నుంచి ఆవిడ కొడుకు గది గుమ్మంలోనే చాప వేసుకుని పడుకుంటోందట. ఎందుకని నేనడగలేదు, ఆవిడ చెప్పలేదు. మనం పేపర్లో చదివే వార్తలు ఆవిడా వింటుంది. మనసు బాగోలేనివాళ్ళు మాట్లాడుకోవడానికి 14416 అని ప్రభుత్వం నంబరు ఒకటుంది, టెలి మానస్ అంటారు. తెలుగులోనే మాట్లాడతారు. వాడితో రెండుసార్లు మాట్లాడించాను. మొదటిసారి అయిదు నిమిషాల్లో పెట్టేశాడు. రెండోసారి మేడ మీదకెళ్ళి ముప్పావుగంట మాట్లాడాడు.

వాళ్ళ నాన్నకు చెప్పే పని నా మీద పడింది. ఆయన అరవలేదు. "చేలో పురుగు పడితే ఆకు తిరగేస్తే కనపడద్ది. ఇదెక్కడ చూడాలమ్మా" అన్నాడంతే.

పదకొండో రోజు అర్ధరాత్రికి గడువు తీరింది. పొద్దున్నే వాడే నాకు ఫోను చూపించాడు. 62,000 ఉన్నచోట సున్నా ఉంది. కింద 'మళ్ళీ రండి, ఈసారి 150 శాతం' అని రంగుల్లో మెరుస్తోంది. వాడిచేతే ఆ యాప్ తీయించాను.

డ్వాక్రా యాభై వేలూ మిరప మందులకూ, కాలేజీలో సగం ఫీజుకూ సరిపోయాయి. మిగతా సగం సంక్రాంతి తర్వాత కడతామని వాళ్ళ నాన్న వెళ్ళి అడిగొచ్చాడు. వాడు ఆదివారాలు పత్తి తీతకు తల్లితోపాటు వెళుతున్నాడు. చేతులు గీరుకుపోయి వస్తున్నాడని ఆవిడ బాధ.

బ్యాంకు ఖాతా ఉన్న సిమ్ము ఇప్పుడు అక్క చిన్న బటన్ ఫోనులో వేశారు. డబ్బు తీయాలంటే ఓటీపీ ఆవిడకే రావాలి. ఇంగ్లీషు చదవలేదు గనుక ఏ మెసేజి వచ్చినా గోడ దగ్గరకొచ్చి నన్ను కేకేస్తుంది. నిన్న సాయంత్రం కూడా పిలిచింది. చదివాను. "అభినందనలు, మీకు 5,000 బోనస్" అని ఉంది.

"ఇదెట్టా తీసెయ్యాలో చూపించు చెల్లీ, ఎప్పుడూ నిన్నే పిలవాల్సొస్తంది" అంది. చూపించాను.